మరమ్మతుకి రావాలి

పసిబిడ్డని దుప్పట్లో చుట్టి తెచ్చినట్టు తెచ్చాడు
బాల్తజార్ దాన్ని.
వాల్పరైసో కొండకి వేలాడే పెట్టెబండి దిగి,
వాన నీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ
నా బల్ల మీద టంకం కడ్డీలు పక్కకి జరిపి
పరిచాడు.

మీటల్లేవు. తీగల్లేవు. ఊదటానికి నోరు లేదు.
బూడిదరంగు రబ్బరు పలక, మూరెడు.
నొక్కితే స్వరం, జరిపితే జారు,
ఇంకాస్త అదిమితే గొంతులో జీర.
"నాలుగేళ్లు పట్టింది సెన్యోరా నేలిదా,
వాయించేవాళ్లు తీసుకుంటారంటారా?"

నన్నడుగుతాడేం?
నాకు ఒక్క పాటా పూర్తిగా రాదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ గదిలో
నోరు పడిపోయిన వాటిని మాట్లాడించటం తప్ప.

రా, అని వెనక అర చూపించాను.
ఇదిగో, గాల్లో చేతులూపితే మోగే గొట్టం.
ఇది తొడుక్కునేది, వేలికో వైరు.
ఇది ఊపిరిని అంకెలుగా మార్చే బూర.
ఒక్కోటీ వచ్చిన ఏడాది
ఇక అకార్డియన్ల పని సరి అన్నారు.
చూడు, దేనికైనా ఒక్క గీత పడిందా?
ధర చీటీ అంచు కూడా నలగలేదు.
బాగుచెయ్యమని తెచ్చినవి కావివి,
పారెయ్యటానికి మనసొప్పక
నా దగ్గర దింపి పోయినవి.

ఇప్పుడిది చూడు, రుపెర్తో కీబోర్డు.
నాసి ప్లాస్టిక్. తొమ్మిదోసారి రావటం.
ఒక మీట ఊడితే డామినో బిళ్ల అతికించాడు.
లోపల బీరు, ఇసుక, ఎవరిదో చెవిపోగు,
పెళ్లి కేకు తునక.
సముద్రపు ఉప్పు బోర్డుని కొరికిన చోటల్లా
రాగితీగతో నేనే కుట్లు వేశాను.
జలుబు చేసిన బాతులా ఉంటుంది దీని గొంతు.
అయినా శనివారం రాత్రి ఇది రాకపోతే
రేవులో ఎవరూ అడుగు కదపరు.

మొహం ముడుచుకున్నాడు.
"నాది ఇంత నాసిగా లేదు."
అదే నా బెంగ కూడా, అనబోయి
కాఫీ పోశాను.

పన్నెండు చేశాడట. పదకొండు కొట్లకి పంపాడు.
పన్నెండోది ఎదెల్మీరాకి ఊరికే ఇప్పించాను.
పగలు చేపలు కోస్తుంది, రాత్రి అకార్డియన్.
రెండు వేళ్లతో పొడిచి చూసి
"చచ్చిన తిరండి చేపలా ఉంది" అని
సంచిలో పడేసుకుంది.

చలికాలం పోయింది. ఒకసారి భూమి ఊగింది,
అరలోంచి ఆ గొట్టం పడి పగిలింది,
ఎవరూ అడగలేదు.

తర్వాత ఒక శుక్రవారం
తడి వార్తాపత్రికలో చుట్టుకుని తెచ్చింది ఎదెల్మీరా.
పలకని నిలువునా రెండుగా కోసేసింది.
సగం బెల్టుతో మోకాలికి కట్టుకుంటుందట,
సగం మడమ కింద.
చేతులు అకార్డియన్ మీద ఉంటాయి కదా మరి,
తాళం ఎవరు వెయ్యాలి?
సగం వైర్లు తెగిపోయాయి, తక్కినవి
ఎందుకు పలుకుతున్నాయో దేవుడికే తెలియాలి.
రబ్బరు మీద ఆమె మడమ గుంట
అచ్చు పోసినట్టు.
"రేపటికి కావాలి," అంది, "శనివారం."

సరిగ్గా అప్పుడే వచ్చాడు బాల్తజార్.
చూశాడు. నెత్తురు ఇంకిపోయింది మొహంలో.
"ఇలా కాదు వాయించటం!"
"నువ్వు రా అయితే రేపు, నువ్వే వాయించు,"
అందామె, చేతుల పొలుసులు గోకుతూ.

కొట్లలో ఆ పదకొండూ
ధర చీటీలతో అలాగే ఉన్నాయి.
ఒక్క మనిషి పట్టుకుంటే పట్టుబడినట్టేనా?
నేను టంకం కడ్డీ వేడి పెట్టాను,
అంతవరకే నాకు తెలుసు.

చాలాసేపు కిటికీలోంచి క్రేన్ల వైపు చూసి
గొంతు సవరించుకుని అడిగాడు ఆమెని:
"ఏ కత్తితో కోశావు?"